బట్టబయలు

తిరువొత్తియూరులో, మూడో అంతస్తు పైన
రేకుల గదిలో నా ట్యూషను.
కిటికీకి ఒక రెక్కే మిగిలింది.
రెండోదాన్ని పోయిన కార్తీకంలో
గాలి అప్పుగా పట్టుకుపోయింది.

ఇవాళ్టి పాఠం గాలికి విశేషణాలు.
బ్రీజీ. గస్టీ. బ్లస్టరీ.
బ్లస్టరీ దగ్గర సుద్దముక్క విరిగింది.

బ్రీజీ అంటే?
"బీచిలో బజ్జీల వాసన మనదాకా వచ్చేంత, టీచర్,"
అంది బెనీటా.
మార్కు వేయడానికి లేదు, తప్పనడానికీ లేదు.

గస్టీ అంటే ఎవరూ నోరు తెరవలేదు.
పక్క మేడ మీద ఆరేసిన లుంగీ
తీగ మీదే మూడు పల్టీలు కొట్టి
ఏమీ ఎరగనట్టు మళ్ళీ వేలాడింది.
అదిగో, అన్నాను. రాసుకున్నారు.

బ్లస్టరీకి నా దగ్గర తెలుగు లేదు.
ఉండేది.
నాయుడుపేటలో, వంటింటి తలుపు టపటపలాడినప్పుడల్లా
మా మేనత్త విసుక్కుంటూ అనే మాట.
మద్రాసు బస్సుల్లో ముప్పై ఏళ్ళు తిరిగి తిరిగి
ఏ స్టాపులో దింపేశానో.
గైడులో చూస్తే, "బలమైన గాలులతో కూడిన."
ఆ కూడినలో ఎంత ఉక్క!

తర్వాతి వరస, చోటుకు విశేషణాలు.
బ్లీక్. బేరన్. విండ్‌స్వెప్ట్.
పుస్తకంలో బూడిదరంగు గుట్ట,
కొమ్మలన్నీ ఒక పక్కకే దువ్వినట్టు ఒంటి చెట్టు,
టోపీ పట్టుకుని కోటు మనిషి.
మా వీధిలో కోటున్నది లాయరు దామోదరానికే,
అదీ మే నెలలో చెమటకి తెల్లచారలు కట్టేది.

విండ్‌స్వెప్ట్ అంటే గాలి ఊడ్చిన నేల, అన్నాను.
"మరి చెత్తెవరింటికి పోయింది, టీచర్?"

యేసురత్నం. పట్టపువాళ్ళ పిల్లాడు.
రాళ్ళకట్టకి ఇవతల ఆఖరిల్లు వాళ్ళది,
దాని తర్వాత డోరు నంబర్లు లేవు, సముద్రమే.
వాళ్ళ నాయనమ్మ దేశమ్మ
గాలికి విశేషణం తగిలించదు, పని అంటగడుతుంది:
వల చిక్కేసే గాలి,
పొయ్యి మీద ఉమ్మేసే గాలి,
మగోళ్ళని ఇంట్లో కూలేసి కొట్లాట పెట్టే గాలి.

చివరి మాట ఎక్స్‌పోజ్డ్.
చాటు లేని, అన్నాను.
అడ్డు లేని. దిక్కు... కాదు, ఆగండి,
ఎటునుంచి కొట్టినా దొరికిపోయే...
అన్నీ లేనివే చెప్పుకుంటూ పోతున్నాను.

వాడు నోటుబుక్కులోంచి తలెత్తకుండా
"బట్టబయలు" అన్నాడు.

గది కాసేపు ఆగింది.
గాలి ఆగలేదు.

ఆఖర్న పరీక్ష. గాలి రోజు గురించి యాభై మాటలు.
చెరువు గట్టు మీద గాలిపటం ఎగరేశారు అందరూ,
ఈ పిల్లలెవరూ చూడని చెరువు, గైడులోది.
వాడి కాగితంలో తుపాను రాత్రి రేకు లేచిపోయింది.
తెల్లారి వీధంతా లోపలికి చూసింది.
మేకుకి గుచ్చిన తాకట్టు రసీదులు,
తడిసి గోడకి అతుక్కున్న ఇంకో కాగితం,
బోటులో వాటా నాయన అమ్మేసిన కాగితం,
వాళ్ళమ్మ చదివించుకున్నది పక్కింటామె చేత,
వీధిలో నిలబడి.

కింద మూడు వాక్యాలు:
ఇల్లు ఎక్స్‌పోజ్డ్.
కాగితం ఎక్స్‌పోజ్డ్.
నాయన ఎక్స్‌పోజ్డ్.

మొత్తం నలభై ఏడు మాటలు.
మూడు వాక్యాల్లోనూ క్రియ లేదు.
ఎర్రపెన్ను తీసి మూడు చోట్లా "వాజ్" పెట్టాను.
అది నా పని.
అదీగాక, చిన్న మాటే గానీ
గాలిని నిన్నటిదాన్ని చేస్తుంది.

వాడు కాగితం తీసుకుని లెక్కపెట్టాడు, వేళ్ళు మడిచి.
"యాబై అయ్యాయి, టీచర్."

ఉన్న ఒక్క రెక్కా కొట్టుకుంటోంది.
గడియ వేద్దామని లేచాను.
పిల్లలప్పటికే పుస్తకాల మీద
చెప్పులు పెట్టుకుని రాస్తున్నారు.